పసుపు పరిశోధనకు ముహూర్తం

కోరుట్లలో ఇకమీదట జ్ఞానానికి తాళం ఉండదని మా ఎమ్మెల్యే గారు మైకులో ప్రకటించారు. "పరిశోధన పత్రాలన్నీ జనానికి ఫ్రీ! ఎవలన్న రావచ్చు, ఎవలన్న చదువుకోవచ్చు!" చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే ముందున్నాను. ఎందుకంటే మొట్టమొదట విడుదలయ్యే పత్రం నాదే, పసుపులో దుంపకుళ్లు మీద రాసింది. ఇన్నాళ్లూ దాన్ని అచ్చేసిన విదేశీ పత్రిక, చదవాలంటే నన్ను కూడా పైసలడిగేది. నేను బాటనీ లెక్చరర్‌ని. నా విద్వత్తు మీద మా ఇంట్లోవాళ్లకు తప్ప అందరికీ నమ్మకమే.

మర్నాడే రుద్రంగి నుంచి పసుపు రైతు లక్ష్మీరాజం వచ్చి, కుళ్లిన దుంప నా బల్లమీద పెట్టాడు.

"సారూ, చేనంత గిట్లనే అయితున్నది. బిడ్డ నర్సింగు చదువు గీ పంట మీదనే ఉన్నది. మీ కాయితం ఇయ్యుండ్రి."

"పెత్తరమాస దాటనియ్యి. పెద్దల దినాలల్ల ఓపెనింగ్ జెయ్యరు."

"కాయితం లేకుంటే పాయె. రాసింది మీరే గదా, నోటితోని చెప్పుండ్రి."

ఎంత అమాయకుడు! "ఎమ్మెల్యే సారు రిలీజ్ జెయ్యకముందే నేను చెప్తే లీకేజీ అయితది లక్ష్మీరాజం" అన్నాను. అతను దుంప తీసుకుని వెళ్లిపోయాడు. నా క్రమశిక్షణ చూసి నాకే ముచ్చటేసింది.

పెత్తరమాస దాటింది. ఫ్లెక్సీలో ఎమ్మెల్యే గారి మీసం సరిగ్గా రాలేదని మళ్లీ ప్రింటుకిచ్చారు. లక్ష్మీరాజం రోజూ ఫోన్ చేశాడు, నేను రోజూ ఓపిక పట్టమన్నాను. అతను పట్టాడు కూడా. ఓపిక లేనిది పసుపుకే.

చివరికి దసరానాడు రిబ్బన్ కత్తిరించారు. నాకు శాలువా కప్పారు. తొలి ప్రతి లక్ష్మీరాజం చేతిలో పెట్టి, ఎమ్మెల్యే గారు స్వయంగా మైకు పట్టుకున్నారు.

"చెప్పు లక్ష్మీరాజం, గిప్పుడు నీ చేనెట్లున్నది?"

"అంత కుళ్లిపోయింది సారూ. మొన్ననే దున్నేసిన."

"సూశిండ్రా! రైతు అప్పుడే దుక్కి దున్ని రెడీగున్నడు!" అన్నారు ఎమ్మెల్యే గారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ కొట్టాను.

ఫోటోలు కాగానే పీఏ దివాకర్ వచ్చి లక్ష్మీరాజం చేతిలోంచి ప్రతి తీసుకున్నాడు.

"ఉన్నదొక్కటే కాపీ అన్నా. రేపు సిరిసిల్లల గిదే రిలీజ్ జెయ్యాలె."

లక్ష్మీరాజం నా దగ్గరికొచ్చాడు.

"సారూ, వచ్చే యేటికన్న అక్కరకొస్తది. గిప్పుడన్న చెప్పుండ్రి."

నేను శాలువా సర్దుకుని అతని భుజం తట్టాను.

"సిరిసిల్ల ప్రోగ్రాం గానియ్యి."