నిలవ స్టేషను, నిలవని రైలు

“మరమ్మతులకని మూసిన మన స్టేషన్లో రిజర్వేషన్ మొదలైందట. ఇప్పుడే ఆటో మైకులో చెప్పారు” అంటూ మా మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. ఆయన ముప్పయ్యేళ్ళు అక్కడే సిగ్నల్ లాగినవారు. రెండు స్టేషన్ల అవతల వాళ్ళక్క మంచం పట్టింది. బస్సు మెట్లంటే ఈయన మోకాళ్ళు ససేమిరా అంటాయి. రైలైతే ప్లాట్‌ఫారం మీంచి ఒక్క అడుగు. అందుకే నేనూ వెంట నడిచాను.

నడిచి చూశాక ఢంకా బజాయించి చెబుతున్నాను: రైలు రానిదే అసలైన స్టేషను!

రైలొస్తే ఏమొస్తుంది? ఆలస్యం వస్తుంది. రద్దీ వస్తుంది. ఎవరి చుట్టాలో మన బెర్తు మీదికొస్తారు. నూటపాతికేళ్ళ మా స్టేషనుకు ఆ పీడ విరగడైంది. పాత సున్నం గీకి, కొత్త సున్నం కొట్టి, అది పాతగా కనబడాలని మళ్ళీ మసి పూశారు. ప్రాజెక్టు పట్టాలెక్కాలని ముందు పట్టాలు పీకేశారు. అక్కడిప్పుడు పచ్చగడ్డి. రైళ్ళు ఊరవతల కొత్త లైన్లో, ఆగకుండా, కూత మాత్రం మనకు పడేసి పోతాయి. గడియారాన్ని పదీ పదికి ఆపి అద్దం బిగించారు. అంత నిలకడ మన నాయకులకుందా? ఇక వెయిటింగ్ రూమ్‌లో జీవితాంతం వెయిట్ చేయవచ్చు. లేపేవాడుండడు.

మామగారు కౌంటర్లోకి చెయ్యి చాచారు.

“మా అక్క ఊరికి ఒకటివ్వమ్మా. కిటికీ పక్కన.”

“ఇక్కడ స్టేషను చూడ్డానికి లోపలికే ఇస్తాం తాతగారూ” అంది టికెట్ల అమ్మాయి.

“లోపలికి ముప్పయ్యేళ్ళు ఊరికే వెళ్ళానమ్మా. నాకు ఊరికి కావాలి.”

క్యూ అంతా ఘొల్లున నవ్వింది. మరమ్మతులు చేయించిన ఇంజనీరు మైకందుకుని విడమరిచాడు.

“పెద్దాయన పొరబడ్డారు. ఇది రిజర్వేషన్ కాదు, ప్రిజర్వేషన్. అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలవ ఉంచడం.”

“రైలు కూడా ఉండేదిగా బాబూ?” అన్నారు మామగారు.

ఇంజనీరు మైకును కౌంటర్ బల్ల మీద పెట్టేసి, గడ్డికి నీళ్ళు సరిగ్గా పెడుతున్నారో లేదో చూడటానికి వెళ్ళిపోయాడు. మైకు ఆపడం మరిచాడు. మామగారు అదే బల్లకు ఆనుకుని అక్కకు ఫోన్ చేశారు. స్టేషనంతా వినబడింది.

“రాలేనక్కా. రిజర్వేషన్ కాదట, ప్రిజర్వేషనట. అంటేనా? నేనొచ్చే దారి పీకేసి, నేనెక్కే చోటు దాచిపెట్టారు.”

ఈసారి క్యూలో ఎవరూ నవ్వలేదు.