అన్ని గళ్ళలోనూ 'సాయంతో'

ఆ ఉదయం టైలర్ మాస్టారి పథకం చాలా చిన్నది. డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చేలోపు ఆసుపత్రి మంచం దిగి, కిటికీ దాకా నడిచి రావడం. జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. కానీ పది రోజులుగా పడుకునే ఉండటంతో కాళ్ళలో సత్తువ పోయింది. ఇంటి దగ్గర కుట్టుమిషన్ మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

ఒక కాలు కింద పెట్టారో లేదో, హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసే ఆయన కూతురు ఎగిరిపడింది.

"నేనుండగా నువ్వు దిగడమేంటి నాన్నా?"

"కాళ్ళున్నాయి కదమ్మా..."

"ఉంటే ఉండనీ. పడుకో."

ఆమె ప్రేమకు వంక పెట్టలేం. తినిపించేది తనే, తల దువ్వేది తనే. మంచానికి ఒక కాగితం తగిలించి ఉంది. తినడం, బట్టలు మార్చుకోవడం, లేవడం, నడవడం అని గళ్ళు. ఎదురుగా 'తానే' అనో 'సాయంతో' అనో రాయాలి. నర్సుకు తీరిక లేదని రోజూ కూతురే నింపేది. అన్నింట్లోనూ 'సాయంతో'. కింద గుండ్రంగా సంతకం. తన సేవకు తనే నూటికి నూరు మార్కులు వేసుకుంటున్నట్టు ఉండేది.

డాక్టరమ్మ వచ్చి ఆ కాగితం చదివింది. "ఏ పనీ సొంతంగా చేసుకోలేకపోతున్నారు. ఇంటికి పంపలేం. మధ్యాహ్నం వృద్ధుల కేంద్రానికి మారుస్తాం. రెండు నెలలు చూద్దాం."

మాస్టారి మొహం పాలిపోయింది. కూతురికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"అయ్యో, ఆయన అన్నీ చేసుకోగలరండీ! నేనే చెయ్యనివ్వలేదు!"

"అయితే లేచి నిలబడమనండి."

"లే నాన్నా!" అంటూనే, అలవాటు చొప్పున, ఆయన చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఆమె నడుము పట్టేసింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

మాస్టారు మంచం అంచు పట్టుకుని లేచారు. కాళ్ళు వణికాయి. పట్టుకోబోయిన నర్సును డాక్టరమ్మ కళ్ళతోనే ఆపింది. ఆయన నాలుగడుగులు వేసి కుర్చీ లాక్కొచ్చి, కూతుర్ని మెల్లగా కూర్చోబెట్టి, నీళ్ళ గ్లాసు అందించారు. ఆమెకు ఏడుపొచ్చింది. నొప్పి వల్ల కాదు.

"రేపు ఇంటికెళ్ళండి మాస్టారూ. కానీ రోజూ పదిసార్లు కుర్చీలోంచి లేవాలి," అని డాక్టరమ్మ కూతురివైపు తిరిగింది. "మీకు మాత్రం ఇవాళ మంచం తప్పదు."

ఆమెను పక్క మంచం మీద పడుకోబెట్టి, దానికి కొత్త కాగితం తగిలించారు. మాస్టారు తానే లేచి వెళ్ళి, పెన్ను అడిగి పుచ్చుకుని, అన్ని గళ్ళలోనూ 'సాయంతో' అని రాసి, కింద గర్వంగా సంతకం పెట్టారు.