లబ్ధిదారులు కావలెను

జాతీయ సమాజ సేవా పురస్కారానికి అర్హులైన సభ్యుల పేర్లు పంపవలసిందని ఉత్తర్వు అందిన నాటికి ఆ విశ్వవిద్యాలయంలో సమాజ సేవ చేసినవారు ఎవరూ లేరు. ఇది చిన్న సాంకేతిక లోపమేననీ, నెలాఖరులోగా సరిదిద్దుకోవచ్చుననీ వైస్ చాన్సలర్ గారు సెలవిచ్చారు.

వెంటనే నామినేషన్ల సంఘం ఏర్పడింది. దానికి కార్యదర్శిగా భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని వేశారు. ఆయన్ని అందరూ సరేగారు అంటారు. ఎవరు ఏ పని చెప్పినా ఆయన నోట ఇంకో మాట రాదు. ఆదివారం డ్యూటీ వేస్తే సరే, తన గది ఇంకొకరికిస్తే సరే, ఆ ఇంకొకరి బీరువా మోయమంటే కూడా సరే. ఆయన ప్రమోషన్ ఫైలు వైస్ చాన్సలర్ గారి బల్ల మీద పూలకుండీ కింద ఉంది. కుండీలో పూలు మారుతున్నాయి గానీ కింద ఫైలు కదలడం లేదు. అందుకని ఈ కార్యదర్శి పదవికి సరేగారు మామూలు కంటే కాస్త గట్టిగానే సరే అన్నారు.

మొదటి సమావేశంలో వైస్ చాన్సలర్ గారు ప్రసంగించారు.

"సేవ మన రక్తంలో ఉంది. రక్తంలో ఉన్నది కాబట్టే బయటికి కనపడటం లేదు. దాన్ని బయటికి తీసే బాధ్యత కార్యదర్శిగారిది."

ఈ మాటకు చప్పట్లు మోగాయి. రక్తం తీయవలసిన సరేగారు కూడా కొట్టారు.

దరఖాస్తులు వచ్చి పడ్డాయి. పేదరికం మీద ముప్పయ్యేళ్ళుగా పరిశోధన చేస్తున్న ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్, ఇన్నేళ్ళలో పేదరికానికి తనవల్ల ఏ హానీ జరగలేదని సగర్వంగా రాశారు. లైబ్రేరియన్ గ్రంథాలయాన్ని తరచుగా మూసి ఉంచి విద్యార్థుల కంటిచూపు కాపాడారు. రసాయనశాస్త్ర శాఖ వారి ప్రయోగశాల వాసన వెనక వీధి దాకా వెళ్తుంది. దానివల్ల ఆ వీధిలో దోమలు లేవు, కాబట్టి అది ఆరోగ్య సేవ. క్రీడల డైరెక్టర్ తన జట్టును రోజూ అదే వీధిలో పరుగెత్తించి అక్కడి కుక్కలకు వ్యాయామం కల్పించారు. ఎవరిని వాళ్ళు ప్రతిపాదించుకోకూడదని నిబంధన ఉండటంతో, ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు చరిత్ర ప్రొఫెసర్లు ఒకరినొకరు ప్రతిపాదించుకున్నారు. అయితే మాటలు మాత్రం కలవలేదు. ప్రశంసలన్నీ అటెండరు చేత పంపించుకున్నారు.

ఇంతా అయ్యాక సరేగారు ఉత్తర్వు రెండో పేజీ తిప్పారు. న్యాయనిర్ణేతలు స్వయంగా వచ్చి, సేవ పొందిన మనుషులను చూసి, మాట్లాడి వెళ్తారని అందులో ఉంది.

"మనుషులా?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

"మనుషులేనండీ," అన్నారు సరేగారు. "లబ్ధిదారులని రాశారు."

"మొదటి పేజీలోనే చెప్పొచ్చుగా!" అని రిజిస్ట్రార్ గారు విసుక్కున్నారు.

మర్నాటి నుంచి విశ్వవిద్యాలయమంతా కదిలి వెనక గేటు అవతలి వీధి మీద పడింది. అది చిన్న వీధి. ఒక టైలరు, ఒక సైకిల్ రిపేరు షాపు, ఇస్త్రీ చేసే ఆవిడ, రెండు కిరాణా కొట్లు, పైన నాలుగైదు అద్దె వాటాలు. ఉన్న శాఖలకు ఆ జనాభా ఏ మూలకూ చాలలేదు. మనస్తత్వశాస్త్రం వాళ్ళు సైకిల్ మెకానిక్‌ని కూర్చోబెట్టి, పంక్చరైన ట్యూబుల్ని చూసినప్పుడు లోపల ఎలా అనిపిస్తుందో చెప్పమన్నారు. వైద్య శిబిరాలు నాలుగు జరిగాయి. మొదటి దాంట్లో ఇస్త్రీ ఆవిడ రక్తపోటు మామూలుగానే ఉంది. నాలుగో దానికి బాగా పెరిగింది. పెరుగుదలను విజయంగా నమోదు చేశారు. వృక్షశాస్త్రం వాళ్ళకు మొక్క నాటడానికి ఒక్కటే జాగా దొరికింది. ఒక పెద్దమనిషి నాటి ఫొటో దిగడం, మొక్క పీకి పక్కనపెట్టడం, మరో పెద్దమనిషి రావడం. ఆ మొక్క వారం తిరిగేసరికి అనుభవంలో అందరికంటే సీనియర్ అయింది.

ఓ సాయంత్రం సరేగారు హాజరు సంతకాల కోసం వెళ్తే టైలరు కత్తెర కింద పెట్టి చేతులు జోడించాడు.

"సార్, మీరు మెత్తని మనిషి కాబట్టి చెప్తున్నా. నిన్న మాకు చైతన్యం తెచ్చారు. మొన్న శుభ్రత తెచ్చారు. ఇవాళ పొద్దున్న ఎవరో మేడమొచ్చి ఆత్మవిశ్వాసం ఇచ్చి వెళ్ళారు. అన్నీ బాగానే ఉన్నాయి. బట్టలెప్పుడు కుట్టుకోమంటారు?"

"న్యాయనిర్ణేతలు వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి," అన్నారు సరేగారు.

"ఓపికే సార్ అయిపోయింది. అది కూడా ఎవరైనా తెచ్చిపెడతారేమో కనుక్కోండి."

న్యాయనిర్ణేతలు రావలసిన రోజు పొద్దున్నే వీధికి వీధి తాళాలు వేసుకుని ఎటో వెళ్ళిపోయింది. టైలరు షాపు షట్టరు మీద సుద్దతో రాసి ఉంది: సేవల కారణంగా సెలవు.

వైస్ చాన్సలర్ గారు తల పట్టుకున్నారు. సరేగారికి కళ్ళ ముందు పూలకుండీ కనపడింది. అప్పుడు రిజిస్ట్రార్ గారు గొంతు సవరించుకున్నారు.

"మన ఇళ్ళల్లో మనుషులున్నారు కదా సార్. వాడకుండా ఊరికే ఉంచాం."

గంటలోపు క్వార్టర్స్‌కు కబురు వెళ్ళింది. పాత బట్టలు కట్టుకోవాలి. నగలు తీసెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యంగా, శిబిరంలో ఇంటివాళ్ళు ఒకరినొకరు ఎరగనట్టు ఉండాలి. ఈ చివరి అంశానికి రిహార్సల్ కూడా అనుకున్నారు గానీ, ఏ కుటుంబానికీ అవసరం పడలేదు.

సరేగారు హడావుడిగా ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పారు.

"నన్ను పేదదాన్నని చూపిస్తారా?" అంది భార్య.

"పేదంటే పేద కాదు. ఊరికే, ఎవరూ పట్టించుకోని మనిషిలా కూర్చుంటే చాలు."

"వస్తున్నా," అందామె. అంత తొందరగా ఎందుకు ఒప్పుకుందో ఆయనకు అర్థం కాలేదు.

న్యాయనిర్ణేతలు ముగ్గురు వచ్చారు. పెద్దావిడ ఒకరు అధ్యక్షురాలు. కళ్ళజోడు మీంచి చూసే మనిషి. దండలు వద్దన్నారు, ప్రసంగాలు వద్దన్నారు. ఆ రెండూ లేకపోతే ఏం చెయ్యాలో వైస్ చాన్సలర్ గారికి తోచలేదు.

"ఒక్కో సేవకుడు ఒక్కో లబ్ధిదారు ఎదురుగా కూర్చోండి. మాట్లాడండి. మేం అటూ ఇటూ తిరుగుతూ వింటాం," అన్నారు ఆవిడ. వెనకాల కెమెరా పట్టుకుని ఒకతను తిరుగుతున్నాడు.

హాల్లో కుర్చీలు ఎదురెదురుగా వేశారు. విద్యాశాస్త్రం ప్రొఫెసర్ తన కూతురి ఎదురుగా కూర్చుని, "ఏం చదువుతున్నావమ్మా?" అని ఆప్యాయంగా అడిగారు. డిగ్రీ రెండో సంవత్సరం అని ఆ అమ్మాయి చెప్పింది. "అప్పుడేనా!" అన్నారాయన. ఆ ఆశ్చర్యం చాలా సహజంగా వచ్చిందని ఒక న్యాయనిర్ణేత రాసుకున్నాడు. రిజిస్ట్రార్ గారి తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని, "మావాడూ మీలాగే పెద్ద ఆఫీసరండీ. పక్క గదిలోనే ఉంటాడు. ఎప్పుడైనా కనపడితే నేను బాగానే ఉన్నానని చెప్పండి," అన్నాడు. రిజిస్ట్రార్ గారు తప్పకుండా చెప్తానన్నారు. వైస్ చాన్సలర్ గారు వరసగా దుప్పట్లు పంచుతూ ఒక ఇల్లాలి భుజాల మీద దుప్పటి కప్పి, ధైర్యంగా ఉండమ్మా అని ముందుకు సాగారు. ఆవిడ ఆయన భార్యే. ఆయన నటించలేదని ఆవిడ తర్వాత అందరికీ చెప్పింది.

సరేగారు భార్య ఎదురుగా కూర్చున్నారు. చేతిలో అచ్చు వేసిన ప్రశ్నలున్నాయి. కెమెరా అటే తిరిగింది.

"మీకేమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?"

"కాస్త ఇటువైపు తిరిగి చెప్పండి," అందామె. "ఎడమ చెవి వినపడదు."

ఇది అనుకున్న మాట కాదు. బాగా కల్పించిందని సరేగారు లోలోపల మెచ్చుకున్నారు.

"ఎప్పటి నుంచి?"

"వర్షాల ముందు నుంచి. మా ఆయనకు చెప్పాను."

"ఆయనేమన్నారు?"

"సరే అన్నారు."

సరేగారు కాగితంలోంచి తల ఎత్తి ఆమెను చూశారు. పక్కనున్న న్యాయనిర్ణేత తల ఊపి, కొనసాగించమన్నాడు. కాగితంలో తర్వాతి ప్రశ్న తాగునీటి గురించి ఉంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మళ్ళీ చెప్పకపోయావా?"

"చెప్పాను. రెండుసార్లు సరే అన్నారు. మూడోసారి సరే సరే అన్నారు."

"మరి రోజంతా..."

"టీవీ సౌండు పెంచుకుంటున్నా. ఎందుకంత సౌండు అని మీరు... మా ఆయన విసుక్కుంటారు. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో తెలీదు. అన్నం మాడితే, ధ్యాస ఎక్కడుందీ అంటారు. ధ్యాస ఇక్కడే ఉందండీ. చెవే లేదు."

ఆమె ఏడవలేదు. పైగా నవ్వింది. ఇంత సేపు ఆయన తనవైపే చూస్తూ ఉండటం ఆమెకు కొత్తగా, కాస్త తమాషాగా కూడా ఉంది. సరేగారు కుర్చీ లేపి ఆమె కుడివైపుకు తెచ్చి వేసుకున్నారు. ఇంకా ఏమేం చెప్పిందో, తను వేటికి సరే అన్నారో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. అవి చాలా ఉన్నాయి.

శిబిరం ముగిసిందని గంట కొట్టారు. కెమెరా ఆగింది. సేవకులందరూ మాట మధ్యలో లేచి గ్రూపు ఫొటోకి పరుగెత్తారు. వైస్ చాన్సలర్ గారు కార్యదర్శి ఎక్కడని రెండుసార్లు కేక వేశారు. సరేగారు వినిపించుకోలేదు. అటునుంచి అటే ఇద్దరూ చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

పురస్కారం ఆ విశ్వవిద్యాలయానికే వచ్చింది. సన్మాన సభలో వైస్ చాన్సలర్ గారు న్యాయనిర్ణేతల నివేదికను మైకులో చదివి వినిపించారు: "అనేక సంస్థలు అరువు తెచ్చిన లబ్ధిదారులను మాకు చూపించాయి. ఇంత నిఖార్సుగా, ఇంత దీర్ఘకాలంగా నిరాదరణకు గురైన మనుషులను మాత్రం మేము మరెక్కడా చూడలేదు." హాలు దద్దరిల్లింది. ముందు వరసల్లో కూర్చున్న కుటుంబాలవారు కూడా తమ వంతు చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కుండా సరేగారికి మెమో అందింది. సంస్థకు కీర్తి తెచ్చిన ఒక లబ్ధిదారుకు వినికిడి యంత్రం అమర్చి, ప్రతి సాయంత్రం ఆమెతో మాట్లాడుతూ, ఆమె పరిస్థితిని అనుమతి లేకుండా మెరుగుపరచినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని అందులో ఉంది. ప్రమోషన్ ఫైలు సంగతి అడగవలసిన పనిలేదు. అయితే వాళ్ళింట్లో టీవీ ఇప్పుడు పక్కవాళ్ళకు వినపడటం లేదు.

మిగతా సభ్యులందరికీ వేరే ఉత్తర్వు వెళ్ళింది. ఇంటివారిని ప్రస్తుత స్థాయిలోనే జాగ్రత్తగా నిలబెట్టుకోవాలనీ, వచ్చే ఏడాది పోటీ తీవ్రంగా ఉండబోతోందనీ దాని సారాంశం. ఈసారి నామినేషన్లు విశ్వవిద్యాలయం బయటివారికి కూడా తెరిచారు. మీరూ పంపవచ్చు. మీ ఇంట్లో అర్హులున్నారో లేదో తెలుసుకోవడానికి వాళ్ళతో మాట్లాడి చూడకండి. మాట్లాడితే అర్హత పోతుంది.