ఏడు ఎనిమిదులు

పులివెందులలో బావుల పూడిక తీసే ఖలందర్ ఆ శుక్రవారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి బస్సులో ప్రొద్దుటూరు పోవాలి. వీరాచారి కొట్లో తన ఎనిమిదులను తూకం వేయించుకోవాలి. జుమ్మా నమాజు చదువుకుని మధ్యాహ్నం బస్సుకు జమ్మలమడుగు చేరాలి. ట్రావెలర్స్ బంగళాలో దిగి ఉన్న గుహల సర్వే ఆఫీసరును సాయంత్రం ఐదులోగా పట్టుకుని సర్కారు కొలువు సంపాదించుకోవాలి. ఇందులో పోలీసులు ఎక్కడా లేరు. వాళ్లు తర్వాత కలిశారు.

ఎనిమిది అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట గండికోట చుట్టుపక్కల గుహలు చూడడానికి ఒక జర్మనీ దొర వస్తే, ఖలందర్ ఆయన తాళ్లు మోసే పనికి కుదిరాడు. దొర నడుముపట్టీకి ఒక ఇనుప వస్తువు వేలాడుతుండేది. ఒక పెద్ద కడియం, దాన్ని అంటుకుని ఒక చిన్న కడియం, అచ్చం ఇంగ్లీషు ఎనిమిదంకె. తాడును పెద్ద కడియంలోంచి మెలికగా దూర్చి, చిన్నదాన్ని కొక్కెంతో నడుముకు తగిలించుకుంటే చాలు. తాడు ఆ ఇనుమును రాసుకుంటూ పోతుంది, మనిషి ఒంటిచేత్తో తాడు కొస పట్టుకుని ఎంత లోతుకైనా నింపాదిగా దిగిపోతాడు. ఇరవై ఏళ్లుగా బావుల్లోకి వట్టి చేతులతో జారి అరచేతుల తోలు పోగొట్టుకున్న ఖలందర్‌కు అది చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. దొర పోతూ పోతూ దాన్ని బక్షీసుగా ఇచ్చాడు. పాపం, ఒక కాపురంలో నిప్పు పెడుతున్నానని ఆయనకు తెలియదు.

ఒకటి ఉన్న మనిషికి రెండోది ఎలా ఉంటుందోనన్న యావ పుట్టింది. లారీ స్ప్రింగు పట్టీ ముక్కతో ఒకటి, బండి ఇరుసు కడ్డీతో ఒకటి, బిందెలు పోతపోసేవాణ్ణి బతిమాలి ఇత్తడిది ఒకటి, ఇలా మొత్తం ఏడు పోగయ్యాయి. ఒక్కొక్కదాంతో ఒకే బావిలో, ఒకే తాడు మీద నూరేసి మార్లు దిగి వాటి గుణాలు కనిపెట్టాడు. లారీ పట్టీది తాడును కొరుకుతుంది. ఇరుసుది మొండిది, తోస్తే గానీ కదలదు. కడియం మరీ వెడల్పైనది ఆత్రగత్తె, మనిషి కంటే ముందు అదే కిందికి పోవాలని చూస్తుంది. ఇత్తడిది మాత్రం బంగారు తల్లి, పసిబిడ్డను ఉయ్యాలలో వేసినట్టు దించుతుంది. అది తొందరగా అరిగిపోతుందేమోనన్నదే ఆయనకున్న ఒక్క బెంగ.

"ఇంట్లో అన్నం తినే తట్టలు రెండు. ఎనిమిదులు మాత్రం ఏడు," అంది మహబూబ్‌బీ, సద్దిమూట చేతికిస్తూ. "ఇనుకో జీ. ఈ పొద్దు కొలువుతో వస్తివా సరే. ఉత్త చేతులతో వస్తివా, రేపు పాత ఇనుం కొనే మౌలాలి వస్తాండాడు. ఏడింటినీ వాని తక్కెట్లో ఏసేస్తా. ఆ పైన మా అన్న చెప్పినట్టు బళ్లారి పోయి బట్టలంగడి కాడ కాపలా కూచుందువు."

"బట్టలంగడి కాడ దిగేదానికి ఏముందే, అరుగు తప్ప," అన్నాడు ఖలందర్ దిగులుగా.

సర్వే ఆఫీసరు పోయిన నెల స్పష్టంగా చెప్పాడు. తన మనుషులు గుహల్లోకి దిగాలంటే మంచి ఎనిమిది కావాలి. అన్నిట్లోకీ మేలైనదేదో, ఎంత అరుగుతుందో తూకంతో సహా తేల్చి చూపిస్తే తాళ్ల మనిషిగా పర్మనెంటు చేయిస్తానన్నాడు. ఆ శుక్రవారం రాత్రికే ఆయన ముద్దనూరులో రైలెక్కి పోతున్నాడు. అదీ తొందర.

గురిగింజ ఎత్తు తేడా పట్టాలంటే కంసాలి తక్కెడే దిక్కు. కానీ అది మేలిమి బంగారం నగలు చేయకూడదని చట్టం వచ్చిన ఏడాది. ప్రొద్దుటూరులో కంసాలులు పసుపుకొమ్మును చూసినా ఉలిక్కిపడుతున్నారు. వీరాచారి ఇత్తడి ఎనిమిదిని చూసి గతుక్కుమన్నాడు. తాడు రాపిడికి అది తళతళా మెరుస్తోంది.

"తెర ఎయ్యప్పా ముందు. ఎవరన్నా చూస్తే నా కొంప మునుగుతాది. గట్టిగా మాట్లాడాకు," అన్నాడు.

తెర వేశారు, గొంతులు తగ్గించారు. కొట్టు అరుగు మీద పూలు కడుతూ కూర్చున్న తిరుపాలమ్మకు అంతవరకు లోపల ఏం జరుగుతోందన్న ధ్యాసే లేదు. తెర పడ్డాకే చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"పోయినేడాది మీద నాలుగు గురిగింజలెత్తు తగ్గింది, అంతే," అన్నాడు ఆచారి.

"నాలుగేనా. అల్లా దయ. గుహలల్లో పడి చచ్చినందుకు ఫలితం దక్కింది ఆచారీ. ఇట్లాంటియ్యి సంచిలో ఇంకా ఆరుండాయి. ఈ పొద్దుతో నా బతుకే మారిపోతాది," అన్నాడు ఖలందర్.

తిరుపాలమ్మ చేతిలో పూలమాల సగంలో ఆగిపోయింది. తెర సందులోంచి పచ్చగా మెరిసేది, చాటున తూకం, గుహలు, సంచి. నిధి దొరికిందని అర్థం కావడానికి ఆమెకు ఇంకేం కావాలి? ఆమె నోరు జారే మనిషి కాదు. మధ్యాహ్నం బస్సుకంటే ముందు బస్సులో జమ్మలమడుగులోని కూతురింటికి పోతూ, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఒక్క కండక్టరుకు మాత్రమే చెప్పింది. తాను దిగిన తర్వాత కూతురికి చెప్పింది. కూతురికి చెప్పకుండా ఏ తల్లి ఉంటుంది?

నమాజు చదువుకుని రెండు గంటల బస్సెక్కిన ఖలందర్‌కు లోకం శానా మంచిదిగా కనిపించింది. సీట్లోంచి ఒకాయన లేచి చోటిచ్చాడు. ఇంకొకాయన బీడీ ఇచ్చి తానే వెలిగించాడు. తన కొలువు సంగతి అప్పుడే పాకినట్టుందని మనసులో పొంగిపోయాడు. గొర్రెలు కాసే ఓబులయ్య పక్కకు జరిగి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఖలందర్ మామా, అందరికీ తెలిసిపోయిందిలే. మమ్మల్ని మాత్రం మర్చిపోవాకు."

"అంతా మీ దయ అప్పా. ఇంకా చేతికి రాలేదు. ఆఫీసరు ఒక సంతకం పెట్టాల."

"ఆఫీసరు గూడా కలిసినాడా దీంట్లో?" ఓబులయ్య కళ్లు పెద్దవయ్యాయి. "ఎన్నుండాయి మామా?"

"ఏడు. మొదటిది దొరది."

"దొరల కాలం నాటిదా. దొరికింది గండికోట కాడేనా?"

"ఆడనే. కొండ కింద గుహ కాడ."

ఆ కొండ మీద ఓబులయ్య గొర్రెలు పదేళ్లుగా మేస్తున్నాయి. గొర్రెల కాళ్ల కింద ఉన్నదాంట్లో గొర్రెలవాడికి వాటా ఉండదా అన్న న్యాయమైన ప్రశ్న ఆయన్ను పట్టుకుంది.

జమ్మలమడుగులో బస్సు దిగేసరికి రెండు మూడు వందల మంది జనం. ఆ జనాన్ని చూసి సర్కారు కొలువుకు ఇంత మర్యాదా అని ఖలందర్ చొక్కా సర్దుకున్నాడు. గులాబ్‌బీ అనే ముసలామె, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడనిది, మెడ కావలించుకుని, "నా ఒళ్లో పెరిగిన బిడ్డ," అని ఏడ్చింది. ఓబులయ్య బస్సు మెట్ల మీద నిలబడి గొర్రెల వాటా సంగతి పదిమందిలో పెట్టాడు. అంతలో హెడ్డు కానిస్టేబులు జనాన్ని తోసుకుంటూ వచ్చి సంచి మీద చెయ్యి వేశాడు.

"భూమిలో దొరికిన నిధి సర్కారుది. నడువు స్టేషనుకు."

అప్పటికి గానీ ఖలందర్‌కు తాను ఏ ఊబిలో దిగాడో తెలియలేదు. "నిధి ఏంది సార్? అది ఇత్తడి. ఐదుకల్లా నేను బంగళాకు పోవాల. పోకపోతే బళ్లారి పోవాల," అన్నాడు.

"పారిపోయే ఊరు కూడా చూసి పెట్టుకున్నాడు," అన్నాడు హెడ్డు జనంతో.

కానీ ఇంత జనం చూస్తుండగా ఏడు బంగారు కడియాలు స్టేషనులో పెట్టుకోవడానికి హెడ్డుకు ధైర్యం చాలలేదు. ఎవరైనా పెద్ద ఆఫీసరు ఎదుట పంచనామా చేయిస్తే తన నెత్తి మీద ఉండదు. ఊళ్లో ఆ పూటకు అందుబాటులో ఉన్న పెద్ద ఆఫీసరు బంగళాలో ఉన్నాడు. అలా ఖలందర్ తాను పోవలసిన చోటికే, పోవలసిన వేళకే, వందలమంది వెంట రాగా, దొంగగా చేరుకున్నాడు.

సర్వే ఆఫీసరు పెట్టె సర్దుకుంటూ వరండాలోకి వచ్చి జనాన్ని చూసి కొయ్యబారిపోయాడు. రాజమండ్రి మనిషి, నెమ్మదస్తుడు. గుహలో నిధి అని వినగానే ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ గుహలు ఆయన అధీనంలోవి.

"ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదండీ," అన్నాడు.

ఖలందర్‌కు దొంగ అన్నప్పుడు రాని దుఃఖం ఈ మాటకు వచ్చింది. మహబూబ్‌బీ ముఖం, మౌలాలి తక్కెడ, బళ్లారి అంగడి వరసగా కళ్ల ముందు తిరిగాయి. బంగారమో కాదో గీటు పెట్టి చూడమంటే ఊళ్లో ఏ కంసాలీ చట్టానికి జడిసి ముందుకు రాలేదు. అప్పుడు ఖలందర్‌కు తనకు తెలిసిన ఒకే విద్య గుర్తొచ్చింది.

"సార్, మేలిమి బంగారం మెత్తగుంటాది. మనిషి బరువుకు సాగుతాది. దీన్ని నడుముకేసుకుని ఈ బంగళా బావిలో దిగుతా. వంగితే జైల్లో ఎయ్యండి."

జీపులోంచి సర్వే తాడు తెచ్చారు. ఖలందర్ దాన్ని బావి గట్టున రాతి కంబానికి కట్టబోతే జనం ఒప్పుకోలేదు. నిధితో పాటు బావిలోని ఏ సొరంగంలోకో జారుకుంటే ఎవరు పూచీ? వాటాదారులందరూ తలా ఒక చెయ్యి వేస్తామన్నారు. నలభై మంది పట్టుకున్నారు. ఖలందర్ ఇత్తడి ఎనిమిదితో సర్రున దిగి, నీళ్లు తాకి, బిందె లేచినట్టు పైకి లేచాడు. ఎనిమిది చెక్కుచెదరలేదు.

"ఇదంటే ఇత్తడి. మరి సంచిలో ఆరు?" అన్నాడు ఓబులయ్య.

"అవి నల్లగా ఉన్నాయి గదయ్యా," అన్నాడు ఆఫీసరు.

"మసి పూసినాడేమో సార్. ఎవురికి తెలుసు."

న్యాయమే అన్నారందరూ. ఖలందర్ మళ్లీ దిగాడు. రెండోసారి దిగేటప్పటికి ఆయనకు కేసు సగం మరుపుకొచ్చింది, మూడోసారికి పూర్తిగా. బావిలోంచి గొంతు ఖంగుమని వినిపిస్తోంది. "సార్, ఇది లారీ పట్టీది. తాడు నూగు ఎట్లా లేస్తాందో చూడండి. రాసుకున్యారా? ఇంక ఇరుసుది పంపండి." ఆఫీసరు తనకు తెలియకుండానే గడియారం తీసి, నోటుబుక్కు తెరిచాడు.

ఒక్కొక్కటి ఇనుమని తేలేకొద్దీ వాటాదారులకు ఇళ్ల దగ్గర పనులు గుర్తొచ్చాయి. గులాబ్‌బీ తన ఒళ్లో పెరిగిన బిడ్డను బావిలో వదిలి వెళ్లిపోయింది. మూడోసారికి నలభై చేతులు ఇరవై అయ్యాయి. ఐదోసారికి ఖలందర్ పైకి రావడంలో నడుమ నడుమ ఆగవలసి వచ్చింది. తాడు తడిసి బరువెక్కిందనుకున్నాడు. ఏడోసారి, ఆత్రగత్తెతో ఆయన సగం లోతులో ఉన్నప్పుడు, ఓబులయ్య ఆకాశం చూసి, "గొర్లు దొడ్లో తోలాల సార్," అని తాడు వదిలేశాడు.

మిగిలింది నోటుబుక్కు పక్కన పెట్టి తాడు పట్టిన ఆఫీసరు, హెడ్డు. తాడు ఇద్దరి చేతుల్లోంచి బుస్సుమని జారింది. ఆఫీసరు కెవ్వున కేక వేశాడు గానీ వదలలేదు. ఇద్దరూ బావి గట్టు దాకా ఈడ్చుకుపోయారు. చివరి క్షణంలో హెడ్డు తాడు కొసను రాతి కంబానికి చుట్టేశాడు. కింద దబ్బుమని నీళ్ల చప్పుడు, ఆ వెనకే గొంతు.

"చెప్పినా గదా సార్, ఇది ఆత్రగత్తె. ఒక్కసారిగా జారింది. రాసుకోండి."

కంబానికి చుట్టిన తాడు పట్టుకుని ఖలందర్ పైకి ఎగబాకి వచ్చాక, ఆఫీసరు తన అరచేతులు చూసుకున్నాడు. రెండూ ఎర్రగా బొబ్బలెక్కాయి. "ఏడుసార్లు దిగావు. నీ చెయ్యి చూపించు," అన్నాడు. ఖలందర్ చూపించాడు. నీళ్లకు నాని చర్మం ముడుతలు పడిందే తప్ప ఒక్క గీత లేదు. ఆఫీసరు ఆ చేతి వంక, తన చేతుల వంక చాలాసేపు చూశాడు.

"ఇందాక నేనన్న మాట," అని నసిగాడు. "నిన్ను చూడలేదని."

"నిజమే గదా సార్. నేను దిగేది మీరు చూసింది ఇప్పుడే," అన్నాడు ఖలందర్.

ఆ రాత్రి రైలు ఆఫీసరు లేకుండానే ముద్దనూరు దాటింది. ఆయన చేతులకు వెన్న పూసుకుని, బంగళా దీపం కింద కొలువుకు సిఫారసు ఉత్తరం చెప్పి రాయించాడు. పాత ఇనుం మౌలాలి మర్నాడు ఖాళీ తక్కెడతో తిరిగిపోయాడు. రెండు నెలలకు పులివెందులకు ఉత్తర్వు వచ్చింది. పర్మనెంటే. అయితే సర్కారు పట్టికల్లో తాళ్ల మనిషి అనే ఉద్యోగం ఎక్కడా లేదట. ఆ ఆఫీసులో ఖాళీగా ఉన్నది ఒకే ఒకటట.

మహబూబ్‌బీ వీధి బడి పంతులు చేత దాన్ని రెండుసార్లు చదివించుకుంది. "తోటమాలి అంట గదా జీ. యాడుంది తోట?"

"భూమికి నూటయాభై అడుగుల కింద," అన్నాడు ఖలందర్, ఎనిమిదులకు నూనె రాస్తూ.

ఆ ఏడాది చివర పైకి పంపిన నివేదికలో, ఖలందర్ సంరక్షణలో ఉన్న మొక్కల్లో ఒక్కటి కూడా ఎండిపోలేదని ఆఫీసరు రాశాడు.