అబద్ధాలాడే ముల్లు

ఆ ఉదయం లెక్చరర్‌గారి పథకం చాలా చిన్నది. భార్య ఆ రోజే బ్యాంకు మేనేజరుగా చేరుతోంది. ఆవిడని తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారులో వేళకి దింపాలి. "ఇవాళ గనక దారిలో ఆగిందో, రేపే అమ్మేస్తున్నాం," అని ఆవిడ ముందే తేల్చేసింది.

షెడ్డు చీకటిగా ఉందని ఆయన తాళం తిప్పి, హెడ్‌లైట్లు వేశాడు. అంతే! ఇంజిన్ వేడి చూపే ముల్లు ఒక్క గెంతులో ఎర్రగీత మీద కూర్చుంది.

"అయ్యయ్యో, మరిగిపోతోంది!"

ఆ కేక ఎదురింటి రిటైర్డ్ ఫైర్‌మన్ చెవిన పడింది. రిటైరయ్యాక ఆయనకు దొరికిన మొదటి అవకాశమది. మొక్కలకు పెడుతున్న నీళ్ల పైపుతో సహా పరుగెత్తుకొచ్చి బానెట్టునీ, లెక్చరర్‌నీ, కారెక్కబోతున్న మేనేజరునీ సగం దాకా తడిపేశాడు.

"బాబాయ్‌గారూ, పైపు దించండి!" అంటూ మేడ మీంచి బావమరిది దిగొచ్చి, బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. "ఇంకా స్టార్టే చెయ్యలేదు కదా బావా, ఎలా మరిగిందంటావ్?"

బావా బావమరుదులిద్దరికీ హుషారొచ్చింది. లైట్లు ఆపితే ముల్లు దిగింది. వేస్తే ఎగిరింది. మళ్లీ ఆపారు, మళ్లీ వేశారు.

"దొరికింది! డాష్‌బోర్డు ఎర్త్ వైరు వదులైంది బావా. లైట్ల కరెంటు దారితప్పి ముల్లుని తోస్తోంది."

"అయితే ఇప్పుడే బిగించేద్దాం!"

"ముందు మీ ఇద్దరినీ బిగిస్తాను. టైమెంతయిందో చూశారా?" అంటూ ఆవిడ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

"అక్క ఆ ముల్లు మళ్లీ చూసిందంటే దిగిపోతుంది," అని బావమరిది గేజీలన్నిటి మీదా నల్ల టేపు అంటించేశాడు.

కారు హాయిగా దూసుకుపోయింది. జుట్టు గాలికెగురుతుంటే ఆవిడ పెళ్లైన కొత్తలోలా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకోసారి పైపు నీళ్లలో తడవొచ్చనిపించింది ఆయనకి. సరిగ్గా అప్పుడే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆవిడ టేపు లాగింది. వేడి ముల్లు బుద్ధిగా ఉంది. దాని పక్కన పెట్రోలు ముల్లు అడుగంటి ఉంది, పొద్దుట్నుంచీ నిజమే చెబుతూ.

"అమ్మేద్దాంలే," అన్నాడాయన నీరసంగా.

ఆవిడ తలెత్తి చూసింది. ఎదురుగా బ్యాంకు గేటు. వేళకి ఇంకా కాస్త వ్యవధి కూడా ఉంది.

"దారిలో ఆగితే అన్నాను. ఇది నా ఆఫీసు ముందు ఆగింది," అంది నవ్వాపుకుంటూ. "సాయంత్రానికి ఇక్కడే రెడీగా ఉంచండి."

ఫోను చేస్తే బావమరిది పెట్రోలు తెచ్చాడు. ఎలాగూ వచ్చాం కదా అని, బావా బావమరుదులు ఎర్త్ వైరు కోసం డాష్‌బోర్డు మొత్తం విప్పారు.

సాయంత్రం మేనేజరుగారు బయటికొచ్చేసరికి, కారు ఆవిడ చెప్పిన చోటే ఉంది, డాష్‌బోర్డు మాత్రం సీట్ల మీద ఉంది.