దంతవైద్యుని విమానవిజయము

ఆదివారపు అపరాహ్ణవేళ, ఇరుగుపొరుగు గృహస్థులెల్లరు భుక్తాయాసపరవశులై గురకల భేరీనాదముతో వీధి వీధంతయు మార్మోగించుచుండ, సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ళట్యాంకు వెనుకకు మెల్లమెల్లగా జారుకొనుచుండ, ఒకానొక మేడ డాబాపై, బట్టలారవేయు తీగ ముందర, కెమెరాహస్తుడైన మహావీరుడొకడు మోకాళ్ళపై నిలిచియుండెను. అతడెవడందురా? వృత్తిచే దంతవైద్యుడు, ప్రవృత్తిచే విమాననిర్మాత. జ్ఞానదంతగర్వభంజనుడు, పుచ్చుపన్నుల పాలిటి ప్రళయకాలుడు. భార్య ముందర మాత్రము పిల్లి.

అతని యెదుట, కంటికానని గాలపుదారముతో తీగకు వ్రేలాడుచుండెను అరచేతిలో నిముడు ఒక ప్లాస్టిక్ యుద్ధవిమానము. ఎన్నెన్ని సెలవుదినములను ఆహుతి చేసి దాని రెక్కలతికెనో, పొగమసి మరకలను సైతము పాత పళ్ళబ్రష్షుతో చిలకరించెనో, అది అతనికే యెరుక.

ఇక యుద్ధకారణము వినుడు. ఆ యుదయమున, భోజనబల్లపైనుండి తోకలను, చక్రములను, జిగురుసీసాలను తీసి తీసి విసిగి వేసారిన యిల్లాలు రణభేరి మ్రోగించెను.

"ఏవండీ, ఈ బొమ్మలన్నీ ఇవాళ అటకెక్కాలి. లేకపోతే నేనెక్కుతా."

"బొమ్మలేంటి? స్కేల్ మోడళ్ళు! సరిగ్గా ఫోటో తీస్తే ఎవరైనా అసలు విమానమే అనుకుంటారు."

"ఎవరో ఎందుకు, మా అమ్మ చాలు. కొత్త కళ్ళజోడు కూడా వచ్చింది. సాయంత్రం నిద్ర లేచాక ఫోటో చూపిద్దాం, ఏమీ చెప్పకుండా. నిజం విమానం అనుకుందా, హాల్లో అద్దాల బీరువా పై అర మీది. బొమ్మ అందా, అటకే."

అటక! రేకుల కప్పు క్రింద నిప్పులకొలిమి. అచట ఒక్క వేసవి గడచెనా, ప్లాస్టిక్ రెక్కలు వడలిన తోటకూర కాడలవలె వంగిపోవును.

కాని తొలి ఫోటోయే అద్భుతముగా వచ్చెను. నీలాకాశము, బంగారుటెండ, గగనవిహారియైన విమానము! వీరుడు మీసము మీద చేయి వేయునంతలో, ఆరిన బట్టలకై వచ్చిన యిల్లాలు కెమెరాలోనికి తొంగి చూచెను.

"బాగుంది. కానీ పడిపోతోందా ఇది?"

"పడిపోవడమేంటి? ఎగురుతోంది!"

"మరి ముక్కు మీద ఫ్యాన్ తిరగట్లేదేం?"

పిడుగు పడిన చెట్టువలె నిలిచిపోయెను వీరుడు. పంకాను తిప్పి చూడబోయెను, అది కదలదు! కదలునది ఏదైనను అతనికి గిట్టదు. కదులు పన్నును పీకుట, లేదా కదలకుండ సిమెంటుతో బిగించుట, ఇదియే కదా అతడెరిగిన ధర్మము! అలవాటు చొప్పున, తిరుగవలసిన పంకాను కూడ పన్నుకు తొడుగు వేసినట్లు జిగురుతో బిగించి కూర్చుండెను. తన వ్రేలితో తన కన్నే పొడుచుకొనెను.

"ఓరి నిశ్చలపంకాధమా! సహస్రదంతోత్పాటనదక్షుడనైన నా హస్తలాఘవమును నేడు చవిచూతువు గాక! నీ మూలమును పెకలించి, నిన్ను చక్రవాతమువలె గిరగిర తిప్పనినాడు నా పట్టకారు పట్టకారే కాదు!" అని మనసులో గర్జించి, పైకి మాత్రము, "కాస్త ఈ టార్చి పట్టుకుంటావా?" అనెను.

సన్నని కొక్కెమును పంకా మొదలు క్రిందికి దూర్చుచు అతడు అలవాటుగా గొణిగెను. "నొప్పుండదు... ఒక్క నిమిషం..."

"మత్తు సూది వేశారా మరి?" అని యిల్లాలు నవ్వెను.

టప్! పంకా చెక్కుచెదరక ఊడివచ్చెను. దాని నడుమ గుండుసూది గుచ్చి మరల ముక్కున నిలిపిన పిదప, ఊదగా తిరిగెను! అయితే ఫోటో తీయునంతసేపు తిరుగవలెనన్న, తడిజుట్టు ఆరబెట్టు యంత్రముతో గాలి కొట్టవలెను. వీరునికా, ఉన్నవి రెండే చేతులు, ఆ రెంటను కెమెరా.

"నేను పట్టుకోవాలా? నా పందెం నేనే ఓడిపోవడానికా?"

"అటక మీద పెడితే రెక్కలు వంగిపోతాయి," అనెను వీరుడు. ఈ మాటలో గర్జన లేదు.

ఆమె వంగి విమానమును పరికించెను. అద్దపుగూటిలో చీమతలంత పైలట్టు. "అయ్యో, వీడికి మీసం కూడా పెట్టారా!" అని క్రిందికి పోయి, యంత్రమును, పొడుగు వైరును తెచ్చెను. ఆ క్షణమున వీరునికి ఆమెపై పుట్టిన ప్రేమ పెండ్లినాడు కూడ పుట్టలేదు.

అంతట చెలరేగెను ఘోరసంగ్రామము! ఝంఝామారుతము తాకిడికి పంకా గిర్రున తిరిగెను. దానితోపాటు విమానము కూడ గిర్రున తిరిగెను. ఒకసారి తోక వచ్చెను, ఒకసారి పొట్ట వచ్చెను, ఒకసారి ఆకాశమొక్కటే వచ్చెను. ఎండ నీళ్ళట్యాంకు అంచునకు చేరెను.

"గాలి తగ్గిస్తాను. మీరు ఊపిరి బిగబట్టండి," అనెను ఆమె. పంకా మాత్రమే తిరిగెను. విమానము నిలిచెను. క్లిక్!

అత్తగారు నిద్ర లేచిరి. కళ్ళజోడు తుడుచుకొని ఫోటోను చూచిరి. దగ్గరగా చూచిరి. దూరముగా చూచిరి.

"ఇది మన డాబాయేగా? మూల మీద నా పూలదుప్పటి కనపడుతోంది."

తొందరలో వీరుడు తీగపై ఆరుచున్న దుప్పటి అంచును చూచుకొననే లేదు! "అవునత్తయ్యా..."

"ఏం మనుషులర్రా మీరు!" అత్తగారు మండిపడిరి. "ఇంటి మీదుగా ఇంత కిందనుంచి విమానం పోతుంటే, నన్నొక్క కేకేసి లేపలేకపోయారా?"

ఇల్లాలు బీరువా తెరచి కాఫీకప్పులను క్రింది అరలోనికి దింపెను. జయము, జయము! జానెడు వెడల్పు, మూరెడు పొడవు గల ఆ గాజుసామ్రాజ్యమున దంతవైద్యుని విమానము సగర్వముగా దిగెను. అల్లునిపై అలిగి, అత్తగారు కుర్చీ తీసుకొని డాబా యెక్కి కూర్చుండిరి, తిరుగు ప్రయాణములోనైనను దానిని చూడవలెనని.