చంటికి నలభై ఆరు

సాయిదుర్గ ఆ రోజుకు వేసుకున్న లెక్క ఇది. ఎనిమిదింటికి మొదటి ఇల్లు, పదింటికి ఆఖరి ఇల్లు, పదకొండుకల్లా ట్యాబులోని వివరాలన్నీ పైకి పంపేయడం, పన్నెండింటికి అల్లవరం వెళ్ళే ఆటో. మూడు నెలల ఆరోగ్య సర్వేకు అదే చివరి రోజు. తప్పుల్లేకుండా ముగించినవాళ్ళను మరో విడతకు ఉంచుకుంటారని, తప్పుడు నమోదు ఒక్కటి దొరికినా మెడలో కార్డు తీసుకుని ఇంటికి పంపేస్తారని సూపర్‌వైజరు గంగాధరరావు గారు ముందే చెప్పేశారు. ఆ కార్డు వాళ్ళింట్లో చిన్న వస్తువు కాదు. కొబ్బరికాయలు ఒలిచే తండ్రి రోజూ పొద్దున్నే దాన్ని తువ్వాలుతో తుడిచి మరీ కూతురికి అందిస్తాడు. వాళ్ళ చుట్టాల్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే.

అందుకే శిక్షణలో ఇచ్చిన పుస్తకాన్ని ఆమె వల్లె వేసింది. పిల్లలంటే అరవై నెలలు నిండనివాళ్ళు. వాళ్ళ వయసు నెలల్లో రాయాలి, బరువును వయసుతో పోల్చాలి. పెద్దవాళ్ళ వయసు ఏళ్ళలో రాయాలి, బరువును ఎత్తుతో పోల్చాలి. పిల్లల ఫారంలో పాలసీసా, నడక, మాటలు అడగాలి. పెద్దల ఫారంలో మందు, రక్తపోటు, నడుము చుట్టుకొలత అడగాలి. గంగాధరరావు గారు దీనికి తన సొంత సూత్రం ఒకటి కలిపారు. "ప్రశ్నలో అక్షరం మార్చకూడదు. జవాబులో అక్షరం మార్చకూడదు. మన తెలివి మన దగ్గరే పెట్టుకోవాలి. తెలిసిందా?"

"ఆయ్, తెలిసిందండీ," అంది సాయిదుర్గ.

మొదటి ఇంటికి తాళం. రెండో ఇంట్లో వాళ్ళు పెళ్ళికి ముమ్మిడివరం వెళ్ళారు. వాళ్ళ కోసం పక్కింటి అరుగు మీద కూర్చుని చూసి చూసి, తొమ్మిదిన్నరకు చిట్టెమ్మ గారింటికి పరుగులాంటి నడకతో వచ్చింది. డెబ్భై ఏళ్ళ చిట్టెమ్మ వాకిట్లో పీట వేసుకుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది.

"మామ్మగారూ, హెల్తు సర్వే అండి. ఇంట్లో చంటిపిల్లలెవరైనా ఉన్నారాండి?" అక్షరం మార్చకుండా చదివింది సాయిదుర్గ.

"చంటా? ఉన్నాడు కదమ్మా మా చంటి."

"వయసండి?"

"నలభై ఆరు."

"నిండేయాండి, నడుస్తున్నాయాండి?"

"నిండేయి తల్లీ. మొన్న షష్ఠికి."

ట్యాబులో 'నెలలు' అని ఉన్న గడిలో 46 పడింది. అరవైలోపే కాబట్టి ట్యాబు కిక్కురుమనలేదు.

"వాళ్ళమ్మగారు?"

చిట్టెమ్మ ఈనె పక్కన పెట్టి, తనవైపు వేలు చూపించుకుంది. "అన్నీ నేనే కదమ్మా. కోడలు మస్కట్ వెళ్ళి రెండేళ్ళయింది. అప్పట్నించీ నా కొంగు పట్టుకునే ఉన్నాడు." ఇలాంటి ఇళ్ళు సాయిదుర్గ ఈ మూడు నెలల్లో చాలా చూసింది. 'తల్లి గల్ఫులో, పెంపకం నాయనమ్మ దగ్గర' అని నొక్కింది.

"సీసా అలవాటు ఉందాండి?"

ఆ మాటతో చిట్టెమ్మ కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఆ సంగతి అడిగే మనిషి ఒకరు వచ్చారు. "సీసా లేందే గడవదమ్మా వాడికి. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. ఆదివారమైతే లెక్కే లేదు."

"అన్నం తినడం లేదాండి?"

"ముద్ద ముట్టడు. కారప్పూసా, పకోడీలూ."

"నీళ్ళు గానీ ఎక్కువ కలిపేస్తున్నారాండి?"

చిట్టెమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "వాడు చూడకుండా నేనే కలిపేస్తుంటాను. తెలిసిందంటే ఊరంతా వినపడేలా ఏడ్చి గోల పెడతాడు."

"అయ్యో, అలా కలపకూడదు మామ్మగారూ! బలం ఉండదు."

"బలం లేకపోతేనే మంచిది కదే!"

జవాబులో అక్షరం మార్చకూడదు కాబట్టి అదీ రాసుకుంది. "నడక ఎలా ఉందండి?"

"పొద్దున్న పరవాలేదు. సాయంత్రమైతే నాలుగడుగులు తిన్నగా వేయలేడు. గోడ పట్టుకుని వస్తాడు."

"మాటలు?"

"అవీ అంతే. ముద్దముద్దగా వస్తాయి. నాకే అర్థం కావు."

"పళ్ళు వచ్చేయాండి?"

"రావడమేంటి, మొన్న గుమ్మం తగిలి రెండు ఊడిపోతేనూ."

"ఇప్పుడెక్కడున్నాడండి? బరువు చూడాలి."

"కాలవ గట్టున ఆడుకోడానికి వెళ్ళేడు. ఇంకో ముగ్గురున్నార్లే తోడు."

"కాలవ గట్టునా! పెద్దవాళ్ళెవరూ లేకుండా పంపేశారా?"

"ఆపితే ఆగే రకమా తల్లీ వాడు?"

గడియారం చూసుకుంటే పది దాటుతోంది. బరువు 'తరువాత' అని నొక్కి సాయిదుర్గ ఫారం ముగించింది. ట్యాబు ఒక్కసారి పెద్దగా కూసి, తెరంతా ఎర్రబడింది. 'తీవ్ర ప్రమాదంలో ఉన్న బిడ్డ. జిల్లాకు సమాచారం పంపబడినది.' నాలుగో ఇంటి మెట్టు ఎక్కేలోపే ఫోను మోగింది.

"ఏంటమ్మా సాయిదుర్గా ఈ ఎర్ర కేసు?" అవతల గంగాధరరావు గారు. "డాక్టరు భవానీదేవి గారు అమలాపురంలోనే ఉన్నారు. బయల్దేరిపోయేరు. నేనూ వస్తున్నాను. బిడ్డని పట్టుకుని కూర్చో!"

"బిడ్డ కాలవ గట్టున ఉన్నాడండీ."

"కాలవ గట్టున! నాలుగేళ్ళు నిండనివాడా! నా ఉద్యోగం తీయించేస్తావా నువ్వు?"

ఇదే కబురు జిల్లా నుంచి అంగన్‌వాడీ టీచరు రత్నమాలకు కూడా చేరింది. ఆమె రిజిస్టరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పింది. చంటి అనే పిల్లవాడు ఎక్కడా లేడు. తన పరిధిలో బిడ్డ ఉండి పేరు రాయకపోతే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. పక్కింట్లో, ఎదురింట్లో అడిగి, చేపల బుట్టతో వెళ్తున్న దీనమ్మను కూడా ఆపి మరీ అడిగింది. "చిట్టెమ్మ గారింట్లో పసివాడెవడండీ? ఎప్పట్నించీ ఉన్నాడండీ?"

జవాబు ఎవరికీ తెలియదు. ప్రశ్న మాత్రం బాగా నచ్చింది. దీనమ్మ చెల్లెలు ఉండేది మస్కట్‌లోనే. పావుగంటలో ఆ ప్రశ్న సముద్రం దాటి, చిట్టెమ్మ కోడలి చెవిలో పడింది. అక్కడికి చేరేసరికి అది ప్రశ్నగా లేదు.

ఈలోగా రత్నమాల తలుపు దగ్గరగా వేసుకుని పని కానిచ్చింది. చంటికి కొత్త పేజీ తెరిచి, పుట్టిన నెల నుంచి నలభై ఆరు చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ చక్కటి పెరుగుదల గీత గీసింది. చివరి బరువు పద్నాలుగున్నర కిలోలు. మరీ తిన్నగా ఉంటే అనుమానం వస్తుందని, మధ్యలో ఒక నెల జ్వరం వచ్చినట్టు గీతను కొంచెం కిందికి కూడా దింపింది.

పదకొండున్నరకు జీపు వచ్చింది. డాక్టరు భవానీదేవి గారు దిగుతూనే వసారా దూలానికి పసిపిల్లల ఊయల తూకం కట్టించారు. నేల మీద ఎత్తు కొలిచే పలక పరిపించారు. ఊరంతా వాకిట్లోనే ఉంది. చిట్టెమ్మకు ఇంత మర్యాద ఎందుకో అర్థం కాక అందరికీ మజ్జిగ ఇస్తోంది. కాలవ గట్టంతా వెతికి వచ్చిన సాయిదుర్గకు చెప్పుల నిండా బురద, ముఖం నిండా చెమట.

"గట్టు మీద పిల్లలెవరూ లేరండీ. పేకాడుకుంటున్న మగవాళ్ళు తప్ప," అంది ఏడుపు గొంతుతో.

"టీచరమ్మా, ఈ బిడ్డ నీకు తెలుసా?" అన్నారు డాక్టరు గారు.

రత్నమాల రిజిస్టరు తెరిచి పట్టుకుంది. "తెలియకపోవడమేంటండీ, నా చేతుల మీద పెరిగేడు! నెలనెలా నేనే ఎత్తుకుని తూకంలో పడుకోబెడతాను. రోజూ గుడ్డు నా చేత్తోనే తినిపిస్తాను. మహా ముద్దొస్తాడండీ!"

అప్పుడే ఒక మోటారుసైకిలు వాకిట్లోకి దూసుకొచ్చి, ఎత్తు పలకను రాసుకుంటూ ఆగింది. దాని మీంచి తొంభై కిలోల మనిషి దిగాడు. చేతిలో ఫోను, ఫోనులో మస్కట్ నుంచి భార్య.

"నాకు చెప్పకుండా ఇంట్లో పిల్లాణ్ణి పెంచుతున్నారా? తల్లెవరు? ముందు తల్లిని చూపించండి!" అంటోంది ఫోను.

"అమ్మా! మనింట్లో పిల్లాడెవడే?" అని అరిచాడు ఆ మనిషి.

"ఏ పిల్లాడ్రా?"

"అదే మేమూ అడుగుతున్నాం. చంటి ఏడమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"ఇదుగో, వీడేనమ్మా," అంది చిట్టెమ్మ. "సుబ్రహ్మణ్యేశ్వరరావు అని పేరు పెట్టేం గానీ, అంత పేరు పిలవడానికి ఎవరికి ఓపిక? చంటి అనే అలవాటైపోయింది."

చంటి ఊయల తూకం వైపు చూశాడు, తన పేరున్న రిజిస్టరు వైపు చూశాడు. "ఆ గుడ్లేవో నాకైతే అందలేదండి," అన్నాడు. రత్నమాల రిజిస్టరు మూసేసింది.

"ఎవరు రాసేరిది?" అన్నారు డాక్టరు గారు.

"ఈ అమ్మాయేనండీ!" గంగాధరరావు గారు ఒకడుగు ముందుకు వేశారు. "మొదట్నించీ మొత్తుకుంటున్నానండీ, కాస్త తెలివి వాడమ్మా అని!"

నలభై ఆరు ఏళ్ళా, నెలలా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. సాయిదుర్గ మెడలోంచి కార్డు తీసి, తాడు చుట్టి, డాక్టరు గారికి అందించడానికి చెయ్యి చాపింది. డాక్టరు గారు దాన్ని అందుకోలేదు. ఆమె చంటి ముఖం చూస్తున్నారు. అతను తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట.

"ముందు మిషను తీసుకురండి."

రక్తపోటు నూట తొంభై ఆరు మీద నూట పద్దెనిమిది. రెండోసారి చూసినా దిగలేదు. డాక్టరు గారు ట్యాబు తీసుకుని, సాయిదుర్గ రాసినవన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివారు. రోజూ సీసా. అన్నం లేదు. తిన్నగా నడవలేడు. మాట ముద్దగా వస్తోంది.

"ఈ మాట ముద్ద తాగుడు వల్లో, నరం దెబ్బతిని వస్తోందో పరీక్ష చేస్తేగానీ తెలీదు. ఎవరూ చూడకపోతే ఇవాళో రేపో పడిపోయేవాడు," అన్నారు. "జవాబుల్లో ఒక్కటీ తప్పు లేదు. ఫారమే తప్పు. కార్డు మెళ్ళో వేసుకోమ్మా."

చంటిని జీపు ఎక్కించి అమలాపురం తీసుకెళ్ళారు. ఫోనులో భార్య అరవడం మానేసి ఏడుస్తోంది. చిట్టెమ్మ జీపు కిటికీ పట్టుకుని, "సీసా కూడా మాన్పించేయండమ్మా, మళ్ళీ రావాలంటే దూరం," అంది.

చంటి వారం రోజుల్లో తేరుకుని, మందుబిళ్ళల సంచితో ఇల్లు చేరాడు. డాక్టరు గారు ఆ తప్పుడు నమోదు కొట్టేయమని పైకి రాశారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ఎర్ర జాబితాలోకి ఎక్కిన బిడ్డ పేరు తీయడానికి నియమావళిలో వీలు లేదు. అరవై నెలలు నిండేవరకు నెలనెలా ఇంటికి వెళ్ళి చూసి రావాలి. ఆ పని మొదట నమోదు చేసినవారే చేయాలి. అందుకోసం కుమారి సాయిదుర్గ నియామకాన్ని అంతవరకు పొడిగించడమైనది.

గంగాధరరావు గారు ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివి, వేళ్ళ మీద లెక్క వేసి చెప్పారు. నలభై ఆరేళ్ళ సుబ్రహ్మణ్యేశ్వరరావుకు ఐదేళ్ళు నిండడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.